సొరచెట్టుకే ఓటు

బాలశౌరి జీవితమంతా హీబ్రూతోనే గడిచింది. గన్నవరం రోడ్డులోని బైబిలు కాలేజీలో ఆయన చేరిన కొత్తలో క్లాసు గది నిండేది. ఇప్పుడు ఒక్క అమ్మాయి మిగిలింది. తక్కినవాళ్ళంతా మీడియా కోర్సుకి మళ్ళిపోయారు.

అందుకే పాత నిబంధనను కొత్తగా తెలుగు చేసే కమిటీలోకి పిలుపొచ్చినప్పుడు ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఆయన వంతుకు వచ్చిన భాగంలో, అలిగి ఊరి బయట కూర్చున్న ప్రవక్తకు దేవుడు ఒక మొక్కను మొలిపించి నీడనిచ్చే కథ ఉంది. మూలంలో ఆ మొక్క పేరు ‘కీకయోన్’. ఆ కథలో తప్ప ఆ మాట ఇంకెక్కడా కనబడదు. తెలుగువాళ్ళు తరతరాలుగా దాన్ని సొరచెట్టు అనే చదువుకుంటున్నారు. పూర్వం ఈజిప్టులో ఆముదాన్ని ‘కికి’ అనేవారన్న సంగతి పట్టుకుని బాలశౌరి నెలల తరబడి నిఘంటువులు తిరగేశాడు. వెడల్పాటి ఆకులు, ఇట్టే ఎదిగిపోయే గుణం, అన్నీ సరిపోయాయి. అది ఆముదం చెట్టేనని తేల్చుకుని, అలాగే రాశాడు.

విజయవాడలో కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు రెవరెండ్ స్టీఫెన్ ఆ పేజీ దగ్గర ఆగాడు.

“ఆముదమేంటండీ శౌరి గారూ? జనం నవ్వుతారు.”

“మూలంలో మాట అదే అయ్యగారూ. ఆధారాలన్నీ రాసిచ్చాను, చూశారా?”

“అంత ఎవరు చదువుతారండీ? సొరచెట్టు మీద నేనే ఎన్ని ప్రసంగాలు చేశానో! ఇప్పుడెళ్ళి అది సొర కాదని చెప్పమంటారా?”

“చెబితే తప్పేంటండీ?”

స్టీఫెన్ ఆముదం తాగినట్టు మొహం పెట్టి, “సరే, సొర ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి” అన్నాడు.

బాలశౌరిది తప్ప అందరి చేతులూ లేచాయి. హీబ్రూలో ఒక్క అక్షరం రానివాళ్ళు, సమోసాలు తింటూ, రెండు వేల ఏళ్ళు దాటిన మాటకు అర్థం ఖాయం చేసేశారు.

“అయితే నా పేరు తీసేయండి” అని లేచి వచ్చేశాడు. బెంజి సర్కిల్ దాకా ఎండలో నడిచాడు. ఆటో ఎక్కాలని కూడా తోచలేదు.

పుస్తకం అచ్చయింది. ‘హీబ్రూ మూలంతో సరిచూసినవారు’ అంటూ ఆయన పేరు మొదటి పేజీలోనే వేశారు.

“పోనీలెండి, పేరు పెద్దక్షరాల్లో వేశారుగా” అంది భార్య అమలమ్మ.

“వాళ్ళ తప్పుకి నన్ను పూచీ పెట్టారే!” అని అరిచాడు.

ఆవిష్కరణ సభకు వెళ్ళకూడదనే అనుకున్నాడు. కానీ అక్కడ మైకు దొరుకుతుంది. నలుగురిలో నిలబడి ఉన్నమాట చెప్పెయ్యొచ్చు. వెళ్ళాడు. శాలువా కప్పించుకున్నాడు.

“రెండు ముక్కలు చాలండీ, టైం లేదు” అన్నాడు స్టీఫెన్, చెవి దగ్గర.

ముందు మూలం వినిపించి, తర్వాత కీకయోన్ సంగతి విప్పి చెబుదామని, బాలశౌరి ఆ కథను హీబ్రూలో నెమ్మదిగా చదవడం మొదలుపెట్టాడు. నాలుగు వాక్యాలు కాకముందే ముందు వరసలో ఒకావిడ చేతులెత్తి “స్తోత్రం!” అంది. వెనకనుంచి “హల్లెలూయా!” అంటూ హాలంతా అందుకుంది. కీబోర్డు కుర్రాడు సన్నగా వాయించడం మొదలుపెట్టాడు. ఆపమని బాలశౌరి చెయ్యి ఊపాడు. దీవిస్తున్నాడనుకుని అందరూ తలలు వంచారు.

“అది కాదండీ, ఈ మాటకి అర్థం...” అంటుండగానే స్టీఫెన్ మైకు అందుకుని ముగింపు ప్రార్థన చేసేశాడు.

మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. “అద్భుతం శౌరి గారూ! జనం కదిలిపోయారు. వచ్చే ఆదివారం ఇబ్రహీంపట్నంలో సభ ఉంది, మీరు రావాలి. అర్థం చెప్పక్కర్లేదు, ఊరికే చదివితే చాలు.”

బాలశౌరి ఫోన్ పెట్టేశాడు.

“ఎవరండీ?” అంది వంటింట్లోంచి అమలమ్మ.

“నా అభిమానులు!” అన్నాడు కసిగా. ఆవిడ నిజంగానే సంతోషపడి, “మంచిదేగా, వెళ్ళిరండి” అంది. ఆవిడకు ఎక్కడనుంచి చెప్పుకు రావాలో తెలియక, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.