వట్టిపోయిన పంతులమ్మ

వండిన అన్నం ఎదురుగానే ఉంది, వడ్డించేవాడే రేపు రమ్మంటున్నాడు. కొత్త పంతులమ్మ సంగతి అట్లా ఉంది. ఉద్యోగానికి ఎంపికైంది గానీ ఏ బడికి పంపేదీ తేల్చరు. ముక్కూ మొహం తెలియని ఆ పట్నంలో ఒక ముసలమ్మ ఇంట్లో మెట్ల కింద గది తీసుకుని, పొద్దున్నే వచ్చి విద్యాశాఖ ఆఫీసు వరండాలో కాళ్లు మార్చుకుంటూ నిలబడేది. బడులు తెరిచే రోజు దగ్గరపడుతోంది.

గుమాస్తాకు జాలేసింది. "ఊరికే గోడకానుకుని సున్నం రాల్చే బదులు మా ఆఫీసరుగారి అమ్మాయికి నాలుగు లెక్కలు చెప్పరాదూ? ఆయన మెత్తబడితే నీ పని అయిపోయినట్టే అమ్మాయ్."

ఆ పిల్లకు భాగహారమంటే జ్వరం. పంతులమ్మ చొక్కా గుండీలు నేల మీద పోసి బొమ్మలకు పంచిపెట్టించింది. "మిగిలినవి బొమ్మల కంటే ఎక్కువున్నాయనుకో, ఇంకో విడత పంచొచ్చన్నమాట. పంచకుండా దాచుకుంటే దొంగతనమే!" పిల్ల పకపకా నవ్వింది. కొద్ది రోజుల్లోనే భాగహారాలు నమిలి మింగేయసాగింది.

ఈలోగా పంతులమ్మ వెనక నిలబడ్డవాళ్లంతా తలా ఒక బడికి వెళ్లిపోయారు. బడులూ తెరిచారు. ఆమె మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఒకనాడు ఆఫీసరు భార్య కాఫీ చేతికిస్తూ సంబరంగా చెప్పింది. "మొన్ననే నీకో బడి తేలింది, తెలుసా? నేనే ఆపించాను. పెద్ద పరీక్షలు కాకముందే నిన్ను వదిలితే మా పిల్ల గతేం కాను? ఆ చోటికి ఇంకెవర్నో పంపేశార్లే. నీకేం తొందర, చిన్నదానివి!"

పంతులమ్మ కాఫీ గ్లాసు అక్కడే పెట్టి లేచింది. గదికొచ్చి ముసలమ్మ దగ్గర బావురుమంది. చిక్కుళ్ల ఈనెలు తీస్తున్న ముసలమ్మ తల కూడా ఎత్తలేదు.

"పాలిచ్చే గేదెను ఎవడన్నా సంతకి తోలతాడంటే పిచ్చిమొహమా? తోలేది వట్టిపోయినదాన్నే."

మర్నాడు పిల్ల నలభై ఏడును ఆరుతో భాగించింది. ఆరుసార్లు వేసి, శేషం పదకొండని రాసి తలెత్తింది. "మిగిలింది ఎక్కువుందేమో కదక్కా? ఒప్పేనా?"

పంతులమ్మ చెయ్యి పెన్సిలు దాకా వెళ్లి ఆగింది.

"ఒప్పే."

ఆనాటి నుంచి అన్నీ ఒప్పులే. బడిలో పెట్టిన పరీక్షలో కూతురి మార్కులు చూసి ఆఫీసరు చిందులు తొక్కాడు. "చెప్పడం చేతగానిదాన్ని నెత్తిన పెట్టుకున్నాం! ఎక్కడన్నా మారుమూల పడెయ్యవయ్యా దాన్ని."

"అక్కడుండేదీ పిల్లలే కదండీ..." అని నసిగాడు గుమాస్తా.

"ఆ పిల్లలకి ఆ మాత్రం చాల్లే."

రెండోరోజుకే ఉత్తర్వు చేతికొచ్చింది. పెట్టె పట్టుకుని బస్సు కోసం ఆఫీసరు ఇంటి వీధిలోంచే నడవాల్సి వచ్చింది పంతులమ్మకు. గేటు దగ్గర పిల్ల కాచుకుని ఉంది. పిడికిలి విప్పి గుండీలు చూపించింది.

"నేను పంచి చూశానక్కా. తప్పే. నీకు తెలుసు కదా?"

"బస్సు వెళ్లిపోతుంది తల్లీ" అంది పంతులమ్మ, దాని మొహం చూడకుండా.

బస్సు ఇంకా రానేలేదు.