పోల్డింగ్ గవర్నర్ మెట్లు దిగిన రోజు

పోల్డింగ్ గవర్నర్ని కుర్చీలోంచి లేపడమంటే మాటలా! దిగిపొమ్మని మనీలా నుంచి కోర్టు ఉత్తర్వు వచ్చింది, టీవీల్లో చదివారు, కచేరీ గేటుకి అంటించారు. ఆయన కుర్చీ వదల్లేదు సరికదా, ఆ కుర్చీనే మోయించుకొచ్చి వరండాలో, మెట్ల పైన, ఊరందరికీ కనబడేట్టు వేయించుకుని కూర్చున్నాడు. మెట్ల నిండా ఆకుపచ్చ చొక్కాల ఆయన పార్టీ జనం. గేటు పక్కన పెద్ద పెద్ద డేగిసాల్లో అల్లం దట్టించిన కోడిగంజి ఉడుకుతోంది. ముందు వరసలో ముసలమ్మలు చేతులు పెనవేసుకుని కూర్చుని జపమాల చెబుతున్నారు. రోడ్డుకి ఇవతల డాళ్ళు పట్టుకున్న పోలీసులు.

రెండు పక్షాలకీ మధ్య రోసెండా నిలబడి ఉంది. సాన్ ఒనోఫ్రే ప్రొవిన్సుకి వైస్ గవర్నర్. పొద్దున్నే ప్రమాణం చేసింది కాబట్టి ఇప్పుడు గవర్నరే, కాకపోతే కూర్చోవడానికి కుర్చీ లేదు. పైన కూర్చున్న పెద్దమనిషి పరాయివాడా అంటే కాదు. చర్చిలో ఆమె జ్ఞానస్నానం నాడు ఎత్తుకుని నిలబడ్డ జ్ఞానతండ్రి, ఆమె నోరారా నీనొంగ్ అని పిలుచుకునే మనిషి. అంతకన్నా ఘోరం, ఆ జపమాల ముసలమ్మల్లో సరిగ్గా నడిమధ్య కూర్చున్నది ఆమె కన్నతల్లి, ఎండుచేపలమ్మే తికాయ్.

"మధ్యాహ్నం దాకా ఆగుతాం మేడమ్. ఆ తర్వాత మాకొచ్చిన ఆర్డరు ప్రకారం పోవాల్సిందే" అన్నాడు పోలీసు అధికారి.

"ముసలాళ్ళని తొక్కుకుంటూ పోతారా?"

"అబ్బే, మెల్లగా పక్కకి జరుపుతాం."

"మా అమ్మ జరగదండీ. మీకు తెలీదు ఆవిడ సంగతి."

అధికారి నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

పోల్డింగ్ కథ తెలియని వాడు ఆ ప్రొవిన్సులో లేడు. బస్సు కండక్టరుగా మొదలయ్యాడు. ఎవరు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతారో, ఎవరి ఇంట్లో ఎవరికి జబ్బో ఒక్కసారి వింటే మర్చిపోడు. ఆ జ్ఞాపకమే ఆయన్ని మేయర్ని చేసింది, గవర్నర్ని చేసింది. ఏరు పొంగి బజారు మునిగిన ఏడు నడుముకి మోకు కట్టుకుని నీళ్ళలోకి దిగాడు. పొద్దస్తమానం వెళ్ళాడు, వచ్చాడు, వచ్చినప్పుడల్లా వీపు మీద ఒక మనిషి. చిన్నపిల్ల రోసెండా చర్చి గంట గోపురం మీంచి చూసింది. ఆయన వీపు మీద అమ్మని చూసినప్పుడు, ఈయన మనిషేనా అనుకుంది. ఆ ఆశ్చర్యం ఇప్పటికీ ఆమెలో అలాగే ఉంది.

మరి చేసిన వెధవ పనులు? అవీ తక్కువేం కాదు. శిలాఫలకం ఉండి రోడ్డు లేని ఊళ్ళున్నాయి. బావమరిది కంకర తప్ప ప్రొవిన్సులో ఇంకో కంకర పడేది కాదు. జైల్లో వేస్తే జైల్లోంచే పోటీ చేసి, ఫోన్లో ప్రచారం పాట పాడి, ఇంకా ఎక్కువ ఓట్లతో గెలిచాడు. తిట్టేవాళ్ళు కూడా తిడుతూ తిడుతూ మధ్యలో "ఏం మనిషిరా బాబూ!" అనకుండా ఉండలేరు.

కానీ ఈసారి తుపాను. తీరంలో ఇళ్ళన్నీ ఎగిరిపోయాక సాయం బియ్యం గోదాములో మూలిగింది. ఎందుకయ్యా అంటే, గవర్నర్ బొమ్మ అచ్చేసిన సంచులు ఇంకా రాలేదట! జనం పచ్చి అరటికాయలు ఉడకబెట్టుకు తిన్నారు. సంచులు వచ్చాయి, బియ్యం నింపారు, పంచేలోపు ఈ గొడవ. కోర్టులో ఆ సంగతి నోరు విప్పి చెప్పింది రోసెండానే. ఆ రోజు నుంచీ తల్లి మాట్లాడటం మానేసింది.

సూర్యుడు నెత్తి మీదికొస్తున్నాడు. రోసెండా ఒక్కతే వెళ్ళి తల్లి ముందు నిలబడింది.

"ఎవరమ్మా నువ్వు? గవర్నర్ గారా?" అంది తికాయ్, జపమాల పూస వదలకుండా. "డాళ్ళవాళ్ళని తెచ్చుకున్నావుగా, మామీంచి నడిచిపో."

"నడవడానికి రాలేదమ్మా. నీనొంగ్ దగ్గర ఆశీర్వాదం తీసుకోవాలి."

ముసలమ్మలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కోర్టు ఉత్తర్వుని ఆపొచ్చు, పోలీసుని ఆపొచ్చు. జ్ఞానతండ్రి చెయ్యి నుదుటికి ఆనించుకోవడానికి వచ్చిన బిడ్డని ఆపే ఆడది ఆ ప్రొవిన్సులో పుట్టలేదు. తికాయ్ పక్కావిడ చెయ్యి వదిలి మొహం తిప్పుకుంది. దారి వచ్చింది.

రోసెండా మెట్లెక్కింది. ఎవడో "ఉప్పు తిన్న ఇంటికే!" అని అరిచాడు. ఆమె వినిపించుకోలేదు.

"వచ్చావా పిల్లా, కుర్చీ కోసం?" అన్నాడు పోల్డింగ్, నవ్వుతూనే.

"మీ చెయ్యి కోసం వచ్చానండీ."

ఆయన నవ్వు ఆగింది. చెయ్యి చాచాడు. చాచక ఏం చేస్తాడు? ఆమె వంగి ఆ చేతి వెనక భాగాన్ని నుదుటికి ఆనించుకుంది. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అని అలవాటు కొద్దీ ఆయన నోట వచ్చేసింది. అప్పుడు తెలిసింది ఆమెకి, ఆ చేతికి ఎముకలు తేలాయి. ముసలిచెయ్యి. ఆమె దాన్ని వదల్లేదు.

"వదులు" అన్నాడు మెల్లగా.

"ముందు వరసలో మా అమ్మ ఉంది నీనొంగ్. ఆ రోజు నీళ్ళలోంచి మోసుకొచ్చారే, ఆవిడే. ఇవాళ ఆ డాళ్ళ కింద పడనిస్తారా?"

ఆయన కిందికి చూశాడు. ఒక్క కేక వేస్తే చాలు, అంత జనమూ పోలీసుల మీద పడతారు. ఆ సంగతి ఆయనకి తెలుసు, ఆమెకీ తెలుసు.

"మీ అమ్మా?" అన్నాడు చివరికి. "ఎండుచేపల మూట వదలనంటే వదలనంది. మూటతో సహా మోశాను, ఇదిగో ఈ వీపు మీద. నెల్లాళ్ళు కంపు పోలేదు."

కుర్చీలోంచి లేచాడు.

"మెట్లు జాగ్రత్తండీ" అంది రోసెండా.

చెయ్యి పట్టుకుని పెద్దాయన్ని నడిపిస్తుంటే ఎవరు అడ్డుపడతారు? అలవాటుగా ఒదిగి, టోపీలు తీసి, జనం తప్పుకున్నారు. ఆయన పండక్కి వచ్చినవాడిలా దిగాడు. "ఒరేయ్ బెర్టింగ్, మీ నాన్న దగ్గు తగ్గిందా?" "ఏమే కార్మింగ్, మనవరాలు పాసయిందటగా!" ఏడుస్తున్న వాళ్ళని పేరుపేరునా పలకరించాడు. గద్దె దిగుతున్న మనిషి ఇలా ఉంటాడా అని రోసెండా నివ్వెరపోయింది. తికాయ్ లేచి నిలబడింది. ఆయన పోలీసు అధికారితో "ఎండలో నిలబెట్టాను పాపం, గంజి తాగి పొండి" అన్నాడు.

కారెక్కే ముందు ఆమె చెయ్యి విదిలించుకున్నాడు. "ఇక నీ వంతు. నువ్వేం చేస్తావో చూస్తా" అన్నాడు.

కారు వెళ్ళిపోయాక ఆకుపచ్చ చొక్కాలవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికొచ్చారు. ఒక నడివయసు మనిషి ఆమె చేతిని అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. ఒళ్ళు ఝల్లుమంది. హాయిగానూ ఉంది, అదే ఆమెని భయపెట్టింది.

గోదాము చూసే ఉద్యోగి పరిగెత్తుకొచ్చాడు. "మేడమ్, బియ్యం సంచులన్నిటి మీదా పాతాయన బొమ్మే ఉంది. పంపితే మీకు నష్టం. నాలుగు రోజులు ఆగితే మీ బొమ్మ వేయించేస్తాం. నవ్వుతున్నది వెయ్యమంటారా, మామూలుదా?"

నవ్వుతున్నది అని నాలుక చివరిదాకా వచ్చింది ఆమెకి. ఎదురుగా తల్లి కన్నార్పకుండా చూస్తోంది.

"ఉన్నవే పంపండి. ఇప్పుడే" అంది రోసెండా.

"ఆయన బొమ్మతోనా!"

"ఆయన బొమ్మతోనే."

సాయంత్రానికి లారీలు తీరం దారి పట్టాయి. గవర్నరు పదవి పోయిన రోజునే పోల్డింగ్ నవ్వుమొహం గుమ్మం గుమ్మానికీ చేరింది. గేటు దగ్గర తల్లీకూతుళ్ళు ఆ లారీలు పోవడం చూస్తూ నిలబడ్డారు.

"వచ్చే ఎలక్షన్లో నువ్వు ఓడిపోతావే" అంది తికాయ్. అన్ని రోజుల తర్వాత కూతురితో ఆడిన మొదటి మంచి మాట అది.

"తెలుసమ్మా" అంది రోసెండా.

తికాయ్ ఒక గిన్నెలో మిగిలిన కోడిగంజి పోసి కూతురి చేతికిచ్చింది.