రెండు పెట్టెల మధ్య గీత

"బొమ్మలేగా, ఎంతసేపు? ముందు ఈ చొక్కా ఇస్త్రీ చేసిపెట్టి కూచో," అన్నాడు భర్త తడి తల తుడుచుకుంటూ.

బొమ్మలే. కాదని ఎవరన్నారు? పెట్టెలూ, వాటిని కలిపే గీతలూ. ఆమె పనిచేసేది మందుల దుకాణాలకు సరుకు పంపే కంపెనీలో. అక్కడ ఏ ప్రోగ్రాం నుంచి ఏ ప్రోగ్రాంకు సమాచారం వెళ్తుందో చూపించే ఆ బొమ్మను మొదట్లో గీసింది ఆమే. ఇప్పుడు యాజమాన్యం మారింది. మధ్యాహ్నం మీటింగులో కొత్తవాళ్లకు చూపించాలి, బొమ్మను సరిచెయ్యమన్నాడు మేనేజరు. "మీరు కష్టపడక్కర్లేదు మేడమ్. ఏఐ ఏజెంట్ ఉందిగా, నోటితో చెబితే చాలు, కోడ్ అంతా చదువుకుని అదే మార్చేస్తుంది," అని ఊరించాడు కూడా. నోటితో చెబితే జరిగిపోయే పనులు ఆయన జీవితంలో చాలానే ఉండి ఉంటాయి. ఆమె మాత్రం కాలరు తిరగేసి ఇంకోసారి ఇస్త్రీ చేసింది.

చొక్కా అతని చేతికిచ్చి భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరిచింది. పాత బొమ్మను ఏజెంట్‌కు ఇచ్చి, ఉన్న అమరిక చెదరకుండా, కోడ్‌లో మారినవాటి వరకే మార్చమని రాసింది. అది బుద్ధిగా పని అందుకుంది. ఎప్పుడో మూసేసిన సర్వర్‌ను తీసేసింది. కొత్తగా వచ్చిన పేమెంట్ పెట్టెను ఖాళీ ఉన్నచోట సర్దింది. ప్రతి మార్పుకూ ముందు "ఇలా చెయ్యనా?" అని అడిగింది. ఆ ఇంట్లో ఆమెను అడిగి పనిచేసే ప్రాణి ఇన్నాళ్లకు ఒకటి వచ్చింది, దానికి ప్రాణం లేకపోవడమే లోటు. ఆమెకు నవ్వొచ్చింది.

ఆ నవ్వు పెదాల మీద ఉండగానే ఇంకో ప్రశ్న వచ్చింది. "ఆర్డర్ల పెట్టె నుంచి గిడ్డంగి పెట్టెకు, 'ఆగిపోయిన ఆర్డర్లు' అని ఒక గీత ఉంది. ఈ పని చేసే భాగం కోడ్‌లో ఎక్కడా కనబడలేదు. గీత తీసేయనా?"

ఎలా కనబడుతుంది? ఆ పని చేసేది ఆమె. దుకాణం చిరునామా మారినా, మందు పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆర్డర్ మధ్యలో ఇరుక్కుపోతుంది. అలాంటివన్నీ రోజూ పొద్దున్నే, లారీల్లో సరుకు ఎక్కించేలోపు, ఒక్కొక్కటీ చూసి గిడ్డంగి ప్రోగ్రాంలోకి ఎక్కించేది ఆమె. పొయ్యి మీది పాల మీద ఒక కన్ను, తెర మీద ఒక కన్ను. "ప్రస్తుతానికి గీత గీసెయ్యండి మేడమ్, కోడ్ తర్వాత రాసుకుందాం," అన్నాడు అప్పట్లో మేనేజరు. యంత్రం చేసే పనికి నిండు గీత, మనిషి చేత్తో చేసే పనికి చుక్కల గీత గీయడం వాళ్ల పద్ధతి. అది తెలిసే ఆమె నిండు గీత గీసింది. ఎలాగూ త్వరలో నిజమవుతుందిగా అనుకుంది. పైగా చుక్కలు పెడితే తన పనే అరకొరగా కనిపిస్తుందని సిగ్గుపడింది.

ఆ 'తర్వాత' అనేది రానేలేదు. అడిగినప్పుడల్లా, "మీ వైపు ఎప్పుడూ సమస్యే రాదు కదా మేడమ్, బాగున్నదాన్ని కదపడం ఎందుకు?" అనేవాడు. ప్రమోషన్ ఎగ్గొట్టినప్పుడూ అదే ధోరణి. "మీ భాగం దానంతటదే నడుస్తోంది కదా." ఇంట్లో అత్తగారిదీ అదే పాట. "మా ఇంట్లో పనేముందమ్మా, అంతా ఇట్టే అయిపోతుంది," అని వచ్చినవాళ్లతో గొప్పగా చెప్పేది, కోడలు అందించిన కాఫీ తాగుతూ. ఎవరిని అని ఏం లాభం? ఎక్కడా అతుకు తెలియకుండా చేసి, అసలు నేను లేననిపించింది నేనేగా అనుకుంది.

అమ్మ కంటి ఆపరేషన్ గుర్తొచ్చింది. "కట్టు విప్పగానే ముందు నీ మొహమే చూడాలే," అంది అమ్మ. చిన్నపిల్లలా మళ్లీ మళ్లీ చెప్పింది. ఆ పొద్దున ఆర్డర్లు కుప్పగా ఆగిపోయాయి. ఆసుపత్రి వరండాలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఇదొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ కూర్చుండిపోయింది. లోపలికి పరుగెత్తేసరికి అమ్మ కళ్లు తెరిచి నర్సుతో కబుర్లాడుతోంది. "పోనీలేవే, ఈ నర్సమ్మ కూడా చక్కగానే ఉంది," అని నవ్వింది. ఆ కొత్త చూపుతో అమ్మ ఎంతోకాలం బతకలేదు. బతికినన్నాళ్లూ కూతుర్ని కళ్లారా చూసుకుంది, ఆ మాట ఎత్తి ఎప్పుడూ దెప్పలేదు. కానీ అమ్మ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అదీ ఇవ్వలేకపోయింది. ఎవరి కోసం? దానంతటదే నడుస్తుందని చెప్పుకునేవాళ్ల కోసం.

ఫోన్ మోగింది. మేనేజరు.

"అయిందా మేడమ్?"

"ఆగిపోయిన ఆర్డర్ల గీతకు కోడ్ లేదంటోందండీ, తీసేయనా అని అడుగుతోంది."

"అయ్యో, ఉంచెయ్యమనండి. ఇప్పుడెందుకు కెలకడం? మీరున్నారుగా."

మీరున్నారుగా. ఇన్నేళ్లకు ఆయన నోటి వెంట ఆ మాట వచ్చింది, అదీ గీతను కాపాడుకోవడానికి. ఆమె ఫోన్ పెట్టేసింది. తను మానేస్తే మందులు అందవేమో అన్న బెంగ ఇన్నాళ్లూ ఆమెను కట్టిపడేసింది. బెంగ ఇప్పుడూ ఉంది. అది కంపెనీ మొత్తానికీ ఉండాల్సిన బెంగ, ఒక్కర్తే మొయ్యడం ఏమిటి?

"నా డబ్బా సర్దలేదా?" వంటింట్లోంచి భర్త.

"లేదండీ. అన్నీ అక్కడే ఉన్నాయి, సర్దుకోండి," అంది తెర మీంచి చూపు తిప్పకుండా. తర్వాత ఏజెంట్‌కు ఒక్క మాట రాసింది. తీసేయి.

మధ్యాహ్నం మీటింగులో గోడ నిండా బొమ్మ పరుచుకుంది. కొత్త యాజమాన్యం తరఫున వచ్చిన పెద్దావిడ కళ్లద్దాలు సవరించుకుంటూ, "ఆగిపోయిన ఆర్డర్లు గిడ్డంగికి ఎలా వెళ్తాయి?" అని అడిగింది. మేనేజరు గతుక్కుమన్నాడు.

"ఇక్కడ గీత ఒకటి పొరపాటున పోయినట్టుంది కదా మేడమ్?" అన్నాడు, పెద్దావిడ మీంచి చూపు తిప్పి ఆమెను చూస్తూ.

"పొరపాటు కాదండీ," అంది ఆమె. "అక్కడ గీత ఎప్పుడూ లేదు, నేనున్నాను. రేపు పొద్దుటి నుంచి అక్కడ నేనూ ఉండను."