డబ్బా విప్పిన వీడియో

ఆమె భర్తను వీధిలో అందరూ డైరెక్టర్ గారు అంటారు. ఏ సినిమా తీశాడని మాత్రం అడక్కండి, ఆయనకు కోపం వస్తుంది. నెలనెలా చందా కడితే పరికరాలు వాడుకోనిచ్చే ఒక కంపెనీలో ఆయన సభ్యుడు. ఒకసారికి ఒక్కటే ఇస్తారు, అది వెనక్కి పంపితేనే ఇంకోటి వస్తుంది. కెమెరా వచ్చింది, వెళ్లింది. డ్రోన్ వచ్చింది, పక్కింటి డాబా మీద ఆరేసిన బట్టలు చూసి వెళ్లింది. బొమ్మలు గీసే ట్యాబ్లెట్ మీద ఆయన సంతకం తప్ప ఏమీ పడలేదు. ప్రతిసారీ ఆయన శ్రద్ధగా పూర్తిచేసే పని ఒక్కటే, డబ్బా విప్పుతూ వీడియో తీసి ఛానల్లో పెట్టడం. ఆమె ఏనాడూ వాటిని చూసిన పాపాన పోలేదు.

ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. తనను పెంచిన పెద్దమ్మ కూడా వాళ్లతోనే ఉంటుంది. ముప్పై ఏళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పిన మనిషి. ఊరంతా విన్న ఆ గొంతును దాచుకున్నవాళ్లు మాత్రం లేరు. ఇప్పుడు ఆ గొంతులో గడ్డ. శుక్రవారం ఆపరేషన్, తర్వాత ఇక మాట ఉండదని డాక్టరు ముందే చెప్పేశాడు. ఆమెకేమో ఐదో నెల. తనను నిద్రపుచ్చిన కథలు ఆ గొంతులోనే తన బిడ్డ వినాలని ఆమె పట్టుదల.

ఫోనులో రికార్డు చేద్దామని కూర్చుంటే డైరెక్టర్ గారు అడ్డుపడ్డాడు.

"ఫోనులోనా! అలాంటి గొంతుకి ఇదా మర్యాద? స్టూడియో రికార్డర్ తెప్పిస్తున్నా, ఆగు."

ఆమె ఆగింది. అందుకు తర్వాత తనను తానే తిట్టుకుంది.

శనివారం రికార్డర్ వచ్చింది. డబ్బా విప్పే తంతు యథాప్రకారం ముగిసింది. ఆ తర్వాత మూడు రోజులు ఆయన గోడలకు పరుపులు ఆనించాడు, ఫ్యాన్ ఆపాడు, గడియారంలో బ్యాటరీ తీసేశాడు, ఆమె కుట్టుమిషన్ నోరు కూడా మూయించాడు. ఎట్టకేలకు బుధవారం, చెమటలు కక్కుతూ, పెద్దమ్మ మూడు గంటలు కథలు చెప్పింది. ఆ ఒక్కరోజు ఆమెకు భర్త మీద గౌరవం కలిగింది.

పెద్దమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు ఆమె అడిగింది.

"ఏవండీ, పెద్దమ్మ కథలు పెట్టండి, విందాం."

"రికార్డరా? మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడే పంపేశాగా! దానికన్నా మంచిది వచ్చింది. ఆలస్యమైతే ఇంకెవరో తీసేసుకుంటారని..."

"అందులో మెమరీ కార్డు తీశారా?"

"కార్డా?" అంటూ ఆయన జేబులు తడుముకున్నాడు. ఆమె కంపెనీకి ఫోన్ చేసింది. "వచ్చిన కార్డులన్నీ ఆ రోజే చెరిపేస్తామండీ. సభ్యుల గోప్యత మాకు ముఖ్యం," అంది ఒక అమ్మాయి తియ్యగా.

"డబ్బా మీద ఆ ముక్క రాసి చావొచ్చు కదా!" అని డైరెక్టర్ గారు కంపెనీ మీద విరుచుకుపడ్డాడు. "ఎక్కడా రాయలేదు!"

ఆమెకు ఒళ్లు మండింది. మొట్టమొదటిసారి ఆయన వీడియో తెరిచింది. నాలుగో నిమిషంలో మూత ఎత్తి, లోపలున్న ఎర్రక్షరాలు ఆయనే చదివాడు, "వెనక్కి పంపేముందు కార్డు తీసుకోగలరు." చదివి, "ఇవన్నీ మామూలేనండీ," అని నవ్వాడు.

ఆమె ఫోను ఆయన మొహాన కొట్టబోయి ఆగిపోయింది. వీడియోలో వంటింటి వైపు నుంచి ఇంకో గొంతు.

"అమ్మాయ్, మీ ఆయన డబ్బా విప్పడం ఎప్పటికవుతుందే? నా గొంతు ఉండగానే మొదలెట్టమను." ఆ వెంటనే పెద్దమ్మ నవ్వు.

మెడకు కట్టుతో మంచం మీదున్న పెద్దమ్మ పలక దగ్గరకు లాక్కుని రాసింది, "ఇంకోసారి పెట్టు."

నెల తిరిగేసరికి డైరెక్టర్ గారు గెంతుకుంటూ వచ్చాడు.

"చూశావా! రికార్డర్ వీడియోకి మూడొందల వ్యూస్! నా పనితనం జనానికి ఇప్పుడు తెలుస్తోంది."

ఆ జనం ఇద్దరేనని ఆమె చెప్పలేదు. ఆయన అవతలికి వెళ్లగానే నాలుగో నిమిషానికి జరిపి, ఫోను పొట్ట దగ్గర పెట్టుకుంది.