సొట్టగిన్నె మీద పుట్టిన ముఖం

నేను ఒక కాగితపు గుజ్జు ముఖాన్ని. నాకు నోరుంది గానీ మాట లేదు. నన్ను గీకే చేతిని ఆపలేను, నాకు దండం పెట్టే చేతికి బదులివ్వలేను. ఇలాంటిదాని కథ మీకెందుకంటారా? నాకు జరిగిన అన్యాయం పూర్తిగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను చెప్పుకోకపోతే ఇంకెవరూ చెప్పరు.

ముఖం కాకముందు నేను విజయనగరం వైపు ఒక పల్లెలో, హైస్కూలు తొమ్మిదో తరగతి వాళ్లు రాసిన సాంఘికశాస్త్రం జవాబు పత్రాలను. నా ఒంట్లో సరైన జవాబులు చాలా తక్కువ. గోదావరి పడమటి కనుమల్లోనే ఆగిపోయిందని రాసినవాడు కూడా నాలో ఉన్నాడు. మార్కులు వేసేశాక ఆ కట్టను అటకెక్కించబోతుంటే, ఎనిమిదో తరగతి తనూజ వచ్చి అడిగి పట్టుకుపోయింది.

తనూజ మాట్లాడడం తక్కువ. హాజరు పిలిచేటప్పుడు కూడా ఆ పిల్ల పలికిందో లేదోనని టీచర్లు రెండోసారి పిలిచేవారు. చేతులు మాత్రం ఊరుకునేవి కావు. వాళ్ల అమ్మమ్మ పాత కాగితాలను మూడు రోజులు నానబెట్టి, మెంతిపిండి కలిపి రుబ్బి, గిన్నెల మీద మెత్తి బుట్టలు చేసేది. మెంతి చేదుకు పురుగు పట్టదు. ఆ విద్య మనవరాలికి వచ్చింది. బడిలో కళా వారోత్సవం జరుగుతుందనీ, ఎవరికి నచ్చింది వాళ్లు చేసి తేవచ్చనీ హెడ్మిస్ట్రెస్ గారు చెప్పిన రోజే ఆ పిల్ల ఏం చేయాలో నిర్ణయించుకుంది. దాలమ్మ ముఖం చేయాలని.

దాలమ్మ ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండేది. పదకొండేళ్లుగా అదే పొయ్యి, అదే గరిటె. ఎడమ చెంప మీద ఎప్పుడో సాంబారు చింది కాలిన మచ్చ, కొంచెం వాలిన కుడి రెప్ప, ముందు పళ్ల మధ్య సందు. పళ్లెం పట్టుకుని తనూజ తలొంచుకు నిలబడితే, అడక్కుండానే ఇంకో గరిటె వేసేది. ఎవరికెంత ఆకలో ఆవిడకు మొహం చూస్తే తెలిసిపోయేది. అలాంటి దాలమ్మకు ఆ శనివారమే ఆఖరి రోజు. సోమవారం నుంచి పట్నంలోని పెద్ద వంటశాల నుంచి వ్యానులో అన్నం వస్తుందట. వారోత్సవం ముగిసేది కూడా ఆ శనివారమే. వడ్డన అయిపోయాక దాలమ్మ ప్రదర్శనకు వచ్చి, గోడ మీద తన ముఖం తనే చూసుకోవాలి. తనూజ కోరిక అంతే.

నన్ను చేయడానికి అచ్చు కావలసి వచ్చింది. తనూజ దాలమ్మనే అడిగింది, ఎందుకని చెప్పకుండా. రోజూ బియ్యం కొలవడానికి తన ఇంటి నుంచి తెచ్చుకునే సత్తుగిన్నెనే రెండు రోజులకిచ్చింది దాలమ్మ. దానికి ఒక పక్క సొట్ట ఉంది. కొలిచేటప్పుడు దాలమ్మ బొటనవేలు సరిగ్గా ఆ సొట్టలోనే కూర్చునేది. ఆ గిన్నెను బోర్లించి తనూజ నన్ను మెత్తింది. సొట్ట ఉన్నచోట నా లోపల ఒక బొడిపె మిగిలింది. పైన మచ్చ, రెప్ప, పళ్ల సందు, నవ్వడానికి కాస్త తెరిచిన నోరు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే దిద్దింది. ఎర్రమట్టిలో టీ డికాషన్ కలిపి రంగు వేసింది. ఆ రోజు అద్దంలో నన్ను నాకు చూపించింది. చెప్పుకోకూడదు గానీ, బాగున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం నన్ను డ్రాయింగ్ మాస్టారి గదిలో అప్పగించింది. సన్యాసిరావు మాస్టారు చెడ్డవారు కారు. ముప్ఫై ఏళ్లుగా ఆయన గది నుంచి వంకర గీత ఒక్కటి కూడా బయటికి వెళ్లలేదు. పిల్లలు ఏం తెచ్చినా ఆయన చేయి పడ్డాకే ప్రదర్శనకు వెళ్లాలి. దానికి ఆయన పెట్టుకున్న పేరు ఫినిషింగ్. అందుకే ప్రతి ఏడూ ఆ బడిలో నలభై మంది పిల్లలు ఒకే చేత్తో వేసినట్టు బొమ్మలు వేసేవారు. అతిథులు మెచ్చుకునేవారు.

ఆయన నన్ను వెలుగులోకి తిప్పి చూసి, "చెయ్యి మంచిదే తల్లీ. ఫినిషింగ్ ఒక్కటే తక్కువ," అన్నారు. తనూజ ఏదో చెప్పబోయింది. ఇంతలో బెల్లు కొట్టారు. తరగతికి పరిగెత్తింది.

ఆ పిల్ల అలా వెళ్లగానే అటెండరు వచ్చి, రేపు దీపం వెలిగించాల్సిన సరస్వతీదేవి పటాన్ని చెదలు తినేశాయని చెప్పాడు. మాస్టారు నా వైపు చూశారు. నాకు భయం వేసింది. వేసి ఏం లాభం? చెంప మీది మచ్చను జిగురు మరక అనుకుని గరుకు కాగితంతో గీకేశారు. వాలిన రెప్ప పిల్లదాని పొరపాటనుకుని సుద్దముద్ద పెట్టి ఎత్తారు. పళ్ల సందు పూడ్చారు. నా మట్టిరంగు మీద గులాబీ రంగు వేసి, బంగారు కాగితంతో కిరీటం పెట్టి, బొట్టు దిద్దారు. పనయ్యాక రెండడుగులు వెనక్కి వేసి, నిజంగా సంతోషించారు. తప్పుడు జవాబులతో తయారైన నేను ఆ విధంగా చదువుల తల్లినయ్యాను. మాస్టారు పైపైన ఎంత చేసినా నన్ను తిప్పి లోపల చూడలేదు. అక్కడ ఫినిషింగ్ అవసరం ఆయనకు తోచలేదు.

శనివారం ముఖ్య అతిథి నాకు దండ వేసి దీపం వెలిగించారు. విద్యార్థుల్లోని సృజనను వెలికి తీయాలని అరగంట మాట్లాడారు. నన్ను చేసిన విద్యార్థి వరండాలో స్తంభం పక్కన నిలబడి నన్నే చూస్తోంది. మొదటి బహుమతి ప్రకటించి తనూజను పిలిచారు. రెండోసారి పిలిస్తే గానీ కదల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి ఆనందబాష్పాలన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. నాకు ఆ క్షణంలో కింద పడి పగిలిపోవాలనిపించింది. కాగితపు ముఖాలు పడ్డా పగలవు.

వడ్డన ముగిశాక దాలమ్మ వచ్చింది. చెప్పులు బయటే విడిచి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, నా ఎదురుగా నిలబడింది. కళ్లు మూసుకుని దండం పెట్టింది.

"సోమారం నుంచి ఈ బడిలో నాకు పని నేదు తల్లీ. పిల్లల్ని నువ్వే సూసుకో," అంది నెమ్మదిగా.

తన ముఖానికే తను మొక్కుతోందని ఆవిడకు తెలీదు. నాకు తెలుసు, తనూజకు తెలుసు. తనూజ పరుగున వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. పక్కనే మాస్టారు అతిథికి బొమ్మలు చూపిస్తున్నారు. మాస్టారు చెరిపేశారని ఆయన ఎదుటే ఏ పిల్ల అనగలదు?

"అది నువ్వే దాలమ్మప్పా," అని మాత్రం అంది.

దాలమ్మ నవ్వేసింది. "నాకు కిరీటమేటే గుంటా? నా మొకం నాకు తెల్దేటి?" అని తల నిమిరి, గిన్నెలు తోముకోవడానికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నన్ను సామాన్ల గదిలో పడేశారు. రెండేళ్లు. వానకు పైకప్పు కారి ముందు కిరీటం ఊడింది, తర్వాత రెప్ప మీది సుద్ద రాలింది. చెంప మీద రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి, గీకిన చోటు కాలిన మచ్చలాగే బయటపడింది. తిరిగి నేనయ్యాను గానీ చూసేవాళ్లేరీ? పదో తరగతి పాసై టీసీ కోసం వచ్చిన తనూజ ఒకసారి ఆ గది తలుపు దాకా వచ్చింది. తాళం హెడ్మిస్ట్రెస్ గారి దగ్గరుందనీ, ఆవిడ సెలవులో ఉన్నారనీ అటెండరు చెప్పాడు. తను పార్వతీపురం కాలేజీలో చేరుతున్నాననీ, అక్కడే హాస్టల్లో ఉంటాననీ ఆ పిల్ల అతనితో చెబుతుంటే తలుపు ఇవతల నుంచి విన్నాను. తాళం ఒకసారి లాగి చూసి వెళ్లిపోయింది.

మొన్న ఎండాకాలంలో ఆ గది ఖాళీ చేయడానికి కూలికి పిలిచిన వాళ్లలో దాలమ్మ ఉంది. చెత్తంతా మంటలో వేయమన్నారు. నన్ను చేతిలోకి తీసుకుని ఆగింది. "ఈ తల్లికీ నాలాగే సెంప కాలిపోనాది, పాపం," అని కొంగుతో తుడిచింది. దేవుడి ముఖాన్ని మంటలో వేయడానికి చేతులు రాక సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది.

ఇంట్లో అరుగు మీద తోమిన గిన్నెలు బోర్లించి ఉన్నాయి. చేయి ఖాళీ చేసుకుందామని నన్ను ఆ సత్తుగిన్నె మీద పెట్టింది. కాస్త ఊగాను. సర్దుతూ తిప్పింది. బొడిపె వెళ్లి సొట్టలో కూర్చుంది. ఇక కదల్లేదు. దాలమ్మ నన్ను ఎత్తి మళ్లీ పెట్టింది. మళ్లీ ఎత్తి, లోపల బొటనవేలితో తడిమింది. అప్పుడు గిన్నె అడిగి తీసుకెళ్లిన పిల్ల గుర్తుకొచ్చినట్టుంది. గోడకున్న చిన్న అద్దం తీసి, తన రెప్ప చూసుకుని, నా రెప్ప చూసింది.

"గుంట సెప్పినాది. నానే నమ్మనేదు," అంది.

ఇప్పుడు నేను ఆవిడ పొయ్యి పైన గోడకు వేలాడుతున్నాను. మాస్టారి గులాబీ రంగు మీద పొగ పడి, రోజురోజుకీ నా పాత రంగు తిరిగి వస్తోంది. తనూజ వాళ్లు ఊరు వదిలి వెళ్లిపోయారు, ఆ అటెండరుకూ బదిలీ అయిపోయింది. అయినా ఆ గుంట ఎక్కడుందని దాలమ్మ వాళ్లనూ వీళ్లనూ అడుగుతూనే ఉంది, ఎవరికీ తెలియదు. పొద్దున్నే పొయ్యి ముట్టించి, నా వైపు చూసి, "ఏ ఊర్లో ఉన్నాదో ఏటో," అంటుంది.

పార్వతీపురంలో. నేను విన్నాను. నా నోరు తెరిచే ఉంది.