నెలిదా పెదవి మీది మచ్చ

శనివారం చర్చిలో నా చెల్లెలు నెలిదా ఏడాది పూజ. ఆ రోజుకి మా తర్మా ఊరి శ్మశానం గోడలో, కింది నుంచి నాలుగో వరుసలో ఉన్న ఆమె సమాధి గూటికి పింగాణీ బిళ్ళ అమర్చాలి. బిళ్ళ మీద ఆమె ముఖం ఉండాలి. ఇంత చిన్న పనికి కాసియానో గారి ఫోటో దుకాణానికి రావడం ఇది మూడోసారి.

"టీచరమ్మా, ఇది ముఖమా, గళ్ళ దుప్పటా?" ఆయన తెర మీద ఫోటోను పెద్దది చేశారు. "పై పెదవి మీద మచ్చ ఉండేదన్నారు. ఏదీ, చూపించండి."

మచ్చ లేదు. అక్కడ నాలుగు గోధుమరంగు చదరాలున్నాయి.

బడి వార్షికోత్సవంలో ఆ ఫోటో తీసింది నేనే. చెల్లెలు పోయిన రోజు బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మావాళ్ళకు ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం చేతకాదు. తొమ్మిది రోజుల ప్రార్థనల్లో రోజుకొకరు దాన్ని అలంకరించి మళ్ళీ పెట్టారు. ఒకరు నల్ల రిబ్బను కట్టారు, ఒకరు పావురాలను ఎగరేశారు. చివరికి మేనకోడలు యోవానా అవన్నీ కత్తిరించి ముఖం మాత్రం మిగిల్చింది. జేపీజీ ఫోటోను దిద్ది దాచిన ప్రతిసారీ కొంత అరిగిపోతుందని కాసియానో గారు మొదటి రోజే చెప్పారు.

అసలు ఫోటో ఏదని అడిగితే పాత ఫోను పోయిందన్నాను. అబద్ధం. పిల్లల హోంవర్కు ఫోటోలతో ఫోను నిండిపోయినప్పుడు, గ్రూపులో ఉంది కదా అని నేనే తుడిచేశాను.

పీఎన్‌జీ రకం ఫైలుగా దాచితే రవ్వంత కూడా పోదని మా బడి కంప్యూటరు మాస్టారు అన్నారు. నిన్న అలాగే మార్చాను. ఫైలు ఆరు రెట్లు బరువెక్కింది. సంబరపడి తెచ్చాను.

కాసియానో గారు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"చలికి కప్పుకునే చిరిగిన పొంచోని కొత్త పెట్టెలో పెట్టారు, టీచరమ్మా. ఇకమీదట చిరగదు, అంతే. చిరిగింది అతుక్కోదు. ఎవరూ చెయ్యిపెట్టని కాపీ ఉందేమో వెతకండి."

అక్కణ్ణుంచే యోవానాకు ఫోన్ చేశాను.

"చర్మం ఎంత నున్నగా చేశానో చూశావా అత్తా? అందరూ మెచ్చుకున్నారు!"

"నున్నగా చేయనిది కావాలి. ఎవరూ ముట్టుకోనిది."

"ముట్టుకోనిదా? మన ఇంట్లోనా? ఫెలీసితాస్ నానమ్మని అడుగు. ఆవిడకి ఫోను ఎత్తే పచ్చ బటను తప్ప ఇంకేం తెలీదు."

ఫెలీసితాస్ మా అమ్మ చెల్లెలు. ఫోన్ చేసి, ఫోటో మళ్ళీ అరగకుండా వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమన్నాను.

"నేనేమన్నా వకీలునా, డాక్యుమెంట్లు పంపడానికి? నువ్వే రా."

పిన్ని ఉండే అకోబాంబా దాకా వ్యానులో వెళ్ళాను. పిన్ని ఫోను నా చేతికివ్వలేదు. శాలువాలో చుట్టుకుని తానే నాతో బయలుదేరింది. దారిలో, అసలుది తుడిచేసింది నేనేనని ఆమెకు చెప్పాను. పిన్ని కిటికీలోంచి పూలతోటలు చూస్తూ కూర్చుంది.

కాసియానో గారు ఫోనుకు తీగ తగిలించారు. నేను మొదటి రోజు పంపిన ఫోటో తెరుచుకుంది. రిబ్బను లేదు, పావురాలు లేవు. మచ్చ ఉంది.

"పంపేటప్పుడు వాట్సాప్ దీన్నీ ఒకసారి నమిలి కుదించింది," అన్నారు ఆయన. "ముఖం మరీ చిన్నగా ఉంది. అరచేతంత బిళ్ళకు సాగదీస్తే పగులుతుంది. కోడిగుడ్డంత అయితే బాగా వస్తుంది."

"గుడ్డంతా?" పిన్ని లేచి నిలబడింది. "పక్క గూటివాళ్ళది పళ్ళెమంత ఉందయ్యా! నాలుగో వరుసలో గుడ్డు ఎవడికి కనబడుతుంది?"

నాకూ పెద్దదే కావాలనుంది. నేను తెచ్చిన ఆ గళ్ళ దుప్పటి ముఖాన్ని మరోసారి చూశాను.

"గుడ్డంతే చేయండి," అన్నాను.

శనివారం పూజయ్యాక శ్మశానంలో గూటి కింద నిలబడినవాళ్ళకు తెల్లటి చుక్క తప్ప ఏమీ కనబడలేదు. యోవానా కళ్ళు చికిలించి, "అది అత్తేనా?" అంది. పిన్ని ఎవరి మాటా వినకుండా శ్మశానం నిచ్చెన తెచ్చి గోడకు ఆనించింది. ఆమె ఎక్కుతుంటే నేను కింద గట్టిగా పట్టుకున్నాను. పైన ఆమె శాలువా కొంగుతో బిళ్ళను తుడుస్తున్న చప్పుడు వినిపించింది.

"ఉందే!" అని అరిచింది పిన్ని. "మచ్చ ఉంది! దిగనీ, నువ్వెక్కు."