అరువు చేతులు

మూగమ్మ గిన్నెలు తోముతోంది. వదిన వాటిని కడిగి, గుడ్డతో తుడిచి, అరలో బోర్లిస్తోంది. రోజూ పొద్దున్న ఇద్దరూ కలిసి చేసే పనే ఇది. ఈ రోజు మాత్రం మూగమ్మ తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

"ఆ గిన్నె ఏం పాపం చేసిందే? మూడోసారి తోముతున్నావు," అంది వదిన.

"చేతులు నా మాట వినట్లేదు వదినా."

"మధ్యాహ్నం మూడింటికి కదా పరీక్ష. ఇప్పట్నుంచే వణికితే అప్పటికి వణకడానికేం మిగలదు."

గదిలోంచి అన్నయ్య గొంతు వచ్చింది. "వణకనీ. నాటకంలో పనికొస్తుంది."

అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చెల్లెలికి మూగమ్మ అని పేరు పెట్టింది అతనే. పల్లెటూరి బడిలో చేరిన రోజు పంతులుగారు పేరడిగితే ఆ పిల్ల మూడోనాడు చెప్పిందట. అలాంటిది నాటకాల్లో పీజీ చదువుతానంటే చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. "నాటకాలాడ్డానికి డిగ్రీ ఎందుకే? మీ అమ్మ బడి మొహం చూడకుండానే ఆడుతోంది కదా!" అని వదిన నవ్వింది. అయినా అప్లికేషను నింపడానికి పక్కన కూర్చుంది ఆమే, పట్నంలో తన ఇంట్లో పెట్టుకుని రెండేళ్ళుగా అన్నం పెడుతున్నదీ ఆమే.

మూగమ్మ చదువు రంగులు పూసుకుని వేదికెక్కే చదువు కాదు. పనిచేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళ మాటల్లోంచే నాటకం అల్లి, ముందు వాళ్ళకే చూపించాలి. ముడి బాగా బిగిసిన చోట నాటకం ఆపేసి, "ఇక్కడ ఈమె ఏం చెయ్యాల్సింది?" అని చూసేవాళ్ళని అడగాలి. ఎవరైనా లేచి రావచ్చు. నటి పక్కకి తప్పుకుంటే, ఆ చోట నిలబడి ఆడి చూపించవచ్చు. చివరి సంవత్సరం పరీక్ష అదే.

ఆ నాటకం కోసం మూగమ్మ వెళ్ళింది వదిన పనిచేసే లాండ్రీకే. ఆస్పత్రుల దుప్పట్లన్నీ అక్కడే ఉతుకుతారు. మూడు నెలలపాటు ప్రతి బుధవారం షిఫ్టు అయ్యాక ఆరుగురు ఆడవాళ్ళు అన్నాలు తినే గదిలో గుండ్రంగా కూర్చునేవాళ్ళు. వాళ్ళలో వదినా ఉంది, అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడా ఉంది. ఎవరికీ చెప్పుకోలేనిదొకటి చీటీ మీద రాసి సంచీలో వెయ్యాలి, పేరు రాయకూడదు. చేతిరాత పట్టిస్తుందని గైడు మేడమ్ వాటన్నిటినీ తన చేత్తో మళ్ళీ రాసి మూగమ్మకి ఇచ్చేది. ఏది ఎవరిదో మూగమ్మకే తెలియదు. ఊహించడం కూడా తప్పే. నాటకం మొదలయ్యేదాకా ఎవరైనా సరే "నాది వద్దు" అనొచ్చు. ఎందుకని అడగకుండా తీసెయ్యాలి.

ఆరు చీటీల్లో ఒకటి మూగమ్మని పట్టుకుని వదల్లేదు. "మిషను ఊరికే ఆగిపోతోందని నేనే చెయ్యి తగిలితే దాన్ని ఆపే అడ్డకడ్డీని గుడ్డ పీలికతో కట్టేశాను. అది తెలియక ఇంకొకామె చెయ్యి పెట్టింది, కాలింది. అందరూ వచ్చేలోపు పీలిక విప్పేశాను. తప్పు ఆమెదన్నారు. నేను నోరు తెరవలేదు." ఆ లాండ్రీలో చెయ్యి కాలని మనిషి లేదు. అందుకని ఇది ఎవరిదన్న ఆలోచనకి కూడా మూగమ్మ చోటివ్వలేదు. లాండ్రీని బేకరీ చేసింది. దుప్పట్లని నొక్కే వేడి రోలర్లని పొయ్యి చేసింది. ఆ చీటీనే నాటకానికి నడుము చేసింది.

నిన్న సాయంత్రం ఆ ఆడవాళ్ళ ముందే ఒకసారి ఆడి చూసుకున్నారు. వదినది రెండో షిఫ్టు కావడంతో రాలేకపోయింది. ఆమె ఇల్లు చేరేటప్పటికి మూగమ్మ నిద్రపోయింది. అందుకే దాచిపెట్టుకున్న సంగతి ఇప్పుడు చెప్పబోయింది.

"వదినా, నీకు మధ్యాహ్నం చూపిద్దామనుకున్నాను గానీ, ఆగలేకపోతున్నా. నాటకంలో నువ్వున్నావు."

"నేనెందుకే? నా ముఖానికి నాటకం కూడానా?"

"ముఖం కాదు, చేతులు." మూగమ్మ సబ్బు చేతులు తుడుచుకుని నిలబడింది. కుడిపాదం ఎడమపాదం మీద వేసింది. వేళ్ళకొసలు మూడుసార్లు ఊదుకుంది. ఎడమచేత్తో చెవితమ్మె పట్టుకుని, ఆ తర్వాత లేని పళ్ళేన్ని ఉన్నట్టుగా ముందుకి లాగింది. "వేడి వస్తువు ముట్టుకునే ముందు నువ్వు చేసేది ఇదే. రెండేళ్ళుగా ఈ వంటింట్లో చూస్తున్నాను. ఇదంతా మా పొడుగమ్మాయికి నెల రోజులు నేర్పించాను."

పొడుగమ్మాయి మూగమ్మతో పాటు చదువుతోంది. బేకరీ ఆవిడ వేషం ఆమెదే.

"ఓసి నీ అసాధ్యం కూలా! నేనలా చేస్తానా?" అని నవ్వింది వదిన. "ఇంతకీ నన్ను ఏ వేషంలో పెట్టావు?"

"పొయ్యి తలుపుకి గుడ్డ పీలిక కట్టే ఆవిడ వేషంలో."

వదిన చేతిలో పళ్ళెం ఉంది. తుడుస్తున్న గుడ్డ దాని మధ్యలో ఆగిపోయింది.

"నిన్న నువ్వు చూడాల్సింది," అని మూగమ్మ తన ధోరణిలో చెప్పుకుపోయింది. "పొడుగమ్మాయి చెవి పట్టుకుందో లేదో, మీ వాళ్ళంతా ఒక్కసారి గొల్లున నవ్వారు. 'ఇది మన రోలరు రాణే, అచ్చు దింపేశారు' అని..."

"అందరూ గుర్తుపట్టారా?"

"రెండు నిమిషాలు పట్టలేదు."

"పెద్దక్క ఉందా?"

"ముందు వరసలోనే కూర్చుంది. ముందు ఆవిడా నవ్వింది. ఆ తర్వాత..."

మాట అక్కడే తెగింది. ఆ తర్వాత పెద్దక్క నవ్వలేదు. పీలిక విప్పే ఘట్టం వచ్చేసరికి కాలిన కుడిచేతిని పైటకింద పెట్టుకుంది. అంతా అయ్యాక దగ్గరికొచ్చి, "ఆ పీలిక ముక్క రాసిందెవరమ్మా?" అని నెమ్మదిగా అడిగింది. ఎవరికీ తెలియదు పెద్దక్కా, రూలే అది, అంది మూగమ్మ. "సరేలే. రేపు నాటకం ఆపినప్పుడు నేను లేచి వస్తాను. ఆ పీలిక కట్టినామె చోట నేను నిలబడతాను," అని వెళ్ళిపోయింది. నోరు మెదపని మనిషి కూడా లేచి వస్తానంది కదా అని మూగమ్మ సంబరపడి ఆ సంగతి నోటుపుస్తకంలో ఎక్కించుకుంది కూడా.

ఇప్పుడు వదిన ముఖం చూసింది. తేలుకుట్టిన దొంగ అరవలేడంటారు. ఆ సామెతలో ఉన్న నొప్పి ఎలా ఉంటుందో మూగమ్మకి మొదటిసారి కనిపించింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.

"వదినా, ఆ చీటీ..."

"అడక్కూడదన్నావుగా."

అంతే. ఇంక అడగాల్సింది ఏమీ లేదు. మూగమ్మ స్టవ్ కట్టేసింది. గ్యాసుబండ పక్కన కూర్చుంది. చేతిరాత దాచారు, పేరు దాచారు, మిషనునే పొయ్యిగా మార్చారు. తనేమో ఎంతో ముద్దుగా చేతులు తెచ్చి అతికించింది, అవి సరిగ్గా ఆ చీటీ రాసిన మనిషివే అయ్యాయి.

"పెద్దక్కే నాకు పని నేర్పింది," అంది వదిన, పళ్ళేన్ని చూస్తూనే. "దుప్పటి అంచు ఎలా పట్టుకోవాలో, రోలరుకి ఎంత దూరంగా నిలబడాలో. ఆ రోజు నేను మంచినీళ్ళకి వెళ్ళాను. రెండే నిమిషాలు. ఆవిడ నా చోట నిలబడింది. నేను పీలిక సంగతి చెప్పి వెళ్ళాల్సింది. తర్వాత సూపర్వైజరు వచ్చి కడ్డీ నొక్కి చూశాడు. మిషను టక్కున ఆగింది. బాగానే ఉందిగా, నీదే అజాగ్రత్త, అన్నాడు. పెద్దక్క కూడా అవునేమో అనుకుంది! పద్నాలుగేళ్ళు చేసిన మనిషి, తన చేతుల్నే నమ్మడం మానేసింది. మాసిన గుడ్డలు విడదీసే గదిలో పడేశారు ఆవిణ్ణి."

"వదినా, నువ్వు 'వద్దు' అను. తీసేస్తాను. ఇప్పుడే."

"తీసేస్తే ఏం మిగుల్తుంది నీకు?"

నడుము తీసేస్తే మనిషికి ఏం మిగుల్తుందో నాటకానికీ అంతే మిగుల్తుంది.

"ఏం మంతనాలే వదినామరదళ్ళు?" అంటూ అన్నయ్య సగం గడ్డం గీసుకున్న ముఖంతో గుమ్మంలోకి వచ్చాడు. "ఇంకా టీ లేదా? నేను పోకపోతే పదో అంతస్తులో ముసలాయన లిఫ్టులోనే కాపురం పెడతాడు. నేను ఇరుక్కున్నవాళ్ళని బయటికి లాగుతాను. మన నాటకాలమ్మేమో సుఖంగా బయటున్నవాళ్ళని లోపలికి లాగి ఇరికిస్తుంది."

రోజూ అయితే ఆ మాటకి వదిన గరిటె ఎత్తేది. ఈ రోజు గ్లాసులో టీ పోసి చేతికిచ్చింది. అతను ఇద్దరి ముఖాలూ మార్చిమార్చి చూశాడు. "పరీక్ష అంటే మొత్తం ఇంటికే జ్వరం వచ్చినట్టుంది," అని గొణుక్కుంటూ వెనక్కి వెళ్ళాడు.

మూగమ్మ ఫోను తీసుకుని వరండా చివరికి వెళ్ళింది. గైడు మేడమ్ రెండో రింగుకే ఎత్తింది.

"మేడమ్, ఒకళ్ళు తమ చీటీ వద్దంటే..."

"తీసెయ్యడమే. ఎవరో నాకు చెప్పకు. ఏ చీటీ?"

"పీలికది."

"బయటినుంచి వచ్చే ఎగ్జామినరు పదింటికి బయల్దేరతారు. ఆలోపు చెబితే నాటకం వాయిదా అని చెప్తాను. అంటే వచ్చే ఏడాదే, తెలుసుగా? ఆవిడ బయల్దేరాక ఆపడం మాత్రం నావల్ల కాదు. వాళ్ళు వద్దన్నారా, వద్దంటారేమోనని నువ్వు భయపడుతున్నావా?"

"ఇంకా అనలేదు మేడమ్."

"అయితే వాళ్ళ తరఫున నువ్వు అనకు. అనకుండా ఆపకు కూడా. పదింటికల్లా నాకు ఏదో ఒకటి చెప్పు."

గోడగడియారం తొమ్మిదిన్నర దాటింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గానీ, నుయ్యికీ గొయ్యికీ మధ్య నిలబడ్డ మనిషికి గడియారం చప్పుడు ఇంత గట్టిగా వినిపిస్తుందని ఎవరూ చెప్పలేదు. పొడుగమ్మాయికి చేతులు మార్చెయ్యమని చెబితే? చూసినవాళ్ళు చూసేశారు. చేతులు మారిస్తే ఎందుకు మార్చారా అని ఇంకా చూస్తారు. నాటకం ఆపేస్తే? వదిన బతికిపోతుంది. పెద్దక్క మాత్రం ఆ ముక్కని నిన్ననే మనసులో పెట్టుకుని ఇంటికి పోయింది. నాటకం ఆడితే? మూడు దాటిన కాసేపటికి పెద్దక్క లేచి వస్తుంది. చూడ్డానికి వచ్చిన సూపర్వైజరు ఉంటాడు, తోటివాళ్ళుంటారు, పరీక్ష చేసేవాళ్ళుంటారు. కాలిన ఆ చెయ్యి పీలిక ముడి విప్పుతుంది. అందరి కళ్ళూ పొడుగమ్మాయిని దాటుకుని వదిన మీద పడతాయి. చూసేవాళ్ళని నాటకంలోకి లాగాలని రెండేళ్ళుగా మూగమ్మ నేర్చుకుంది. వద్దంటున్నా లాగబడే మనిషి గురించి ఏ క్లాసులోనూ రాసుకోలేదు.

వంటింట్లోకి తిరిగి వచ్చేసరికి గిన్నెలన్నీ అరలో ఉన్నాయి. వదిన ముఖం కడుక్కుని చీర మార్చుకుంది. జడ వేసుకుంటోంది.

"పదింటికల్లా చెప్పమంది మేడమ్. నువ్వు ఒక్క మాటంటే చాలు. ఏడాది పోతే పోయింది, నేను ఏమీ అనుకోను, నిజంగా."

"అనుకోవని తెలుసు."

"నీ ఉద్యోగం కూడా పోవచ్చు వదినా."

"పోవచ్చు."

"పెద్దక్క అందరి ముందూ అడిగితే?"

వదిన జడ కొస ముడి వేసి వెనక్కి వదిలింది. "అందరి ముందూ నేను చెప్తే, చెప్పినందుకు వాళ్ళంతా మెచ్చుకోవచ్చు కూడా. చప్పట్లు కొడతారేమో. మీ నాటకాల్లో కొడతారుగా." ఎక్కడో మొదలైన నవ్వు ముఖం దాకా రాలేదు. "ఆవిడకి జరిగినదానికి నాకు చప్పట్లా?"

మూగమ్మ వదిన చెయ్యి పట్టుకుందామనుకుంది గానీ, ఆ చేతుల్ని ఇంక ముట్టుకునే హక్కు తనకి ఉందో లేదో అనిపించింది.

తొమ్మిదీ ముప్పావు. వదిన హాల్లోకి నడిచింది. అన్నయ్య సంచీలో స్పానర్లు సర్దుకుంటూ తలెత్తాడు. "ఏంటి, సెలవు పెట్టి మరీ పొద్దున్నే ముస్తాబు? నాటకం మూడింటికి కదా. ఎక్కడికి?"

వదిన చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. తలుపు గొళ్ళెం తీసింది. అతని వైపు చూసింది, వెనకాల నిలబడ్డ మూగమ్మ వైపూ చూసింది. ఆమె తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయింది.

"ఏమైందే మీ వదినకి?" అన్నాడు అన్నయ్య.

మూగమ్మ వరండాలోకి పరిగెత్తింది. చేతిలో ఫోను మీద మేడమ్ నంబరు వెలుగుతోంది. కింద వదిన వీధి దాటుతోంది, అడుగు తడబడకుండా, అలాగని తొందరపడకుండా. బస్టాపు వైపు వెళ్ళలేదు, లాండ్రీ వైపూ వెళ్ళలేదు. పాత వాటాల సందులోకి తిరిగింది. ఆ సందులో కొట్టు లేదు, పనిచోటూ లేదు. మూడో వాటాలో పెద్దక్క ఉంటుంది, ఈ రోజు నాటకం కోసం ఆవిడా సెలవు పెట్టింది.

పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉంది వదిన. మూగమ్మ పిలవలేదు.